బుడమేరు కృష్ణా నదికి ఉపనదా?

కాదు, బుడమేరు సహజంగా చేరేది కృష్ణలోకి కాదు, కొల్లేరులోకి. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ పక్కగా తూర్పుకు సాగే చిన్న ఏరు ఇది.

పక్కనే అంత పెద్ద నది ఉంటే అందులో ఎందుకు కలవదు? నేల వాలు వల్ల. కృష్ణ తెచ్చిన ఒండ్రు ఎక్కువగా దాని ఒడ్డునే పేరుకుని, అక్కడి నేల కాస్త ఎత్తయింది. నీళ్లు అక్కడి నుంచి పల్లానికి, అంటే కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న కొల్లేరు వైపు నడుస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి.

అయోమయానికి కారణం మనం తవ్విన కాలువే. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతున్నారు. చిక్కల్లా కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడే: కాలువ నీళ్లను నది తేలిగ్గా తీసుకోదు, ఒక్కోసారి వెనక్కి తంతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ఆ కాలువ గట్టుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఉండటంతో, కృష్ణే ఊళ్లోకి వచ్చిందని చాలామంది అనుకున్నారు. నిజానికి ఆ కాలనీలను ముంచింది బుడమేరు. వేసవిలో మురుగు కాలువలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ ఏరుగా లెక్కపెట్టరు, అంతే.