డ్రెస్సింగ్ మార్చేటప్పుడు వీఆర్ హెడ్‌సెట్: నొప్పి తగ్గాలంటే ఏం చూసుకోవాలి?

మీరు అడిగినవి రెండు: కాలిన గాయాలకు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు తొడిగే పరికరంలో చుట్టూ కృత్రిమ లోకం చూపించడం) పెడితే నొప్పి నిజంగా తగ్గుతుందా, వార్డులో మొదలుపెట్టాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

చాలామందికి తగ్గుతుంది. అయితే అది నొప్పి మందుకు తోడు మాత్రమే, బదులు కాదు. డాక్టర్ రాసిన మోతాదు, ఇచ్చే వేళ అలాగే ఉండాలి. 1990లలోనే అమెరికాలోని సియాటిల్‌లో పరిశోధకులు హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ఈ పని మొదలుపెట్టారు. వాళ్లు చేయించిన స్నోవరల్డ్ అనే వీఆర్ ఆటలో రోగి మంచు లోయలో నెమ్మదిగా సాగుతూ మంచు ఉండలు విసురుతాడు. నొప్పి పూర్తిగా తెలియాలంటే మనసు దానిమీదే ఉండాలి. ఆ మనసు గురిచూడటంలో పడితే నొప్పికి మిగిలేది తక్కువ. గాయం, పట్టకారు కళ్లబడకపోవడం ఇంకో లాభం. అందుకే ఊరికే చూసే వీడియో కంటే చేతికో చూపుకో పని చెప్పే ఆటే ఎంచుకోండి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ ఎంపికలోనే. రోలర్ కోస్టర్‌లాంటివి వద్దు. కళ్లు కదులుతున్నామని చెబుతుంటే లోపలి చెవి కదలడం లేదంటుంది, దాంతో వికారం పుడుతుంది. మార్ఫిన్‌లాంటి మందులతో అసలే కడుపు తిప్పుతుంటుంది. వెల్లకిలా పడుకున్న మనిషి వాంతి చేసుకుంటే ప్రమాదం. దృశ్యం నిలకడగానో, ఒకే దిక్కుకు చాలా మెల్లగానో సాగాలి. తెరమీద బొమ్మ మారే వేగం సెకనుకు 72 ఫ్రేముల కంటే తగ్గినా, తల తిప్పాక బొమ్మ ఆలస్యంగా తిరిగినా వికారం పెరుగుతుంది.

పడుకోబెట్టి వాడటంలో ఇంకో చిక్కుంది. చాలా యాప్‌లలో దృశ్యాన్ని మళ్లీ ఎదురుగా తెచ్చే రీసెంటర్ బటన్ నొక్కితే దృశ్యం కుడి ఎడమలకే సరిపడుతుంది, పైకి లేవదు. రోగికి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. పడుకుని ఆడే వీలున్న యాప్ వెతకండి, లేదా డాక్టర్ ఒప్పుకుంటే మంచం తలవైపు ఎత్తండి. వెనక గట్టి ప్లాస్టిక్ ఉన్న పట్టీ దిండుకు ఒత్తుకుంటుంది కాబట్టి మెత్తటి గుడ్డ పట్టీ వాడండి. హెడ్‌సెట్ దాదాపు అరకిలో ఉంటుంది. బరువు ముక్కుమీద కాకుండా నుదురు, బుగ్గలమీద పడేలా సర్దాలి. ముఖమే కాలితే హెడ్‌సెట్ తొడగకూడదు. అలాంటివారికి స్టాండు కొమ్మకు బిగించి, ముఖానికి తగలకుండా కళ్ల ముందు నిలిపే వీఆర్ అద్దాలు కావాలి. చేతులు కాలినవారికి చూపుతో నడిచే ఆట పెట్టండి.

కనుపాపల మధ్య దూరం స్కేలుతో కొలిచి లెన్సులు సర్దండి. పెద్దల్లో సగటు సుమారు 63 మిల్లీమీటర్లు. తేడా ఎక్కువైతే బొమ్మ మసకబారి తలనొప్పి వస్తుంది.

డ్రెస్సింగ్‌కు ముందే, నొప్పి లేని వేళ, ఓ పది నిమిషాలు ఆడించి చూడండి. నొప్పి పెరిగాక కొత్త ఆట నేర్పడం కుదరదు. గది మరీ చీకటిగా ఉన్నా, చుట్టూ తెల్ల తెరలే ఉన్నా హెడ్‌సెట్ కదలికను పసిగట్టే ట్రాకింగ్ కెమెరాలకు ఆనవాలు దొరక్క దృశ్యం జారిపోతుంది. గదిలో ఎటు జరిగామో పసిగట్టే స్థానం ట్రాకింగ్ ఆపే వీలుంటే ఆపేయండి, తల తిప్పడం ఒక్కటి తెలిస్తే చాలు. డ్రెస్సింగ్ చేసే నర్సుకే పరికరం అప్పగించకండి. ఇంకొకరు పక్కన ఉండి, రోగి చూసేది ట్యాబ్లెట్ తెరమీద గమనించాలి. హెడ్‌సెట్‌తో కళ్లు కప్పి ఉన్న మనిషిని చెప్పకుండా తాకితే ఉలిక్కిపడతాడు. ప్రతిసారీ చెప్పమంటాడో వద్దంటాడో ముందే అడగండి. ఆపాలనిపిస్తే ఏ మాట అనాలో అనుకోండి, మీ గొంతు వినబడేంతగా శబ్దం తగ్గించండి. ఆట సగంలో అయిపోతే నొప్పి ఒక్కసారిగా ముందుకొస్తుంది, కాబట్టి డ్రెస్సింగ్ కంటే ఎక్కువసేపు నడిచేదే పెట్టండి.

మూర్ఛ చరిత్ర, ఈమధ్య తల దెబ్బ, అయోమయం, వాంతులు, కంటి ఇన్ఫెక్షన్ ఉన్నవారికి పెట్టవద్దు. పేస్‌మేకర్‌లాంటివి ఉంటే హెడ్‌సెట్, కంట్రోలర్లలోని అయస్కాంతాల గురించి డాక్టర్‌ని అడగాలి. పిల్లలకు తయారీదారు పెట్టిన వయోపరిమితి చూడండి.

స్పాంజ్ మెత్త బదులు సిలికాన్ తొడుగు వేసి, రోగికీ రోగికీ మధ్య తుడవండి. లెన్సులకు స్పిరిట్ తగిలితే పూత పాడవుతుంది, పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడాలి. క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) పెట్టెలో వెలుగు పడని మడతలు శుభ్రం కావు. కిటికీ దగ్గర పెడితే లెన్సుల గుండా ఎండ పడి తెర మాడిపోతుంది.

దీర్ఘకాలపు నడుము నొప్పికి వాడేది వేరే తరహా. 2021 నవంబరులో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఈజ్‌వీఆర్‌ఎక్స్ అనే వీఆర్ పద్ధతి 8 వారాల కార్యక్రమం, ఊపిరి, ధ్యాస అదుపు నేర్పుతుంది. దాన్ని డ్రెస్సింగ్ బల్ల దగ్గర వాడాలని చూడకండి.

హెడ్‌సెట్ తీయగానే నాలుగు ప్రశ్నలు అడిగి 0 నుంచి 10 లెక్కన రాసుకోండి: అత్యధిక నొప్పి ఎంత, ఎంతసేపు నొప్పి గురించే ఆలోచించారు, వికారం ఎంత, ఎంత సరదాగా ఉంది. హెడ్‌సెట్ లేకుండా చేసిన డ్రెస్సింగ్ అంకెలతో పోల్చండి. వికారం ఎక్కువుంటే ఆట మార్చండి. తేడా లేకపోతే బలవంతపెట్టకండి. తీశాక కళ్లు కుదురుకునేదాకా కొన్ని నిమిషాలు మంచం దిగనివ్వకండి.