తలమీద లైటుకి యాప్ ఎందుకు?

ప్రశ్న: ఎండలకు తట్టుకోలేక మా నలుగురి బ్యాచ్ మౌంటెన్ సైకిళ్ల మీద రాత్రిపూట మట్టి దారుల్లో తిరగడం మొదలుపెట్టింది. హెల్మెట్‌కి లైటు కొందామని చూస్తే 9,000 లూమెన్స్ అని ఒకటి 1,800 రూపాయలకి, 1,000 లూమెన్స్ అని ఇంకోటి 7,000కి కనపడ్డాయి. తొమ్మిదో వంతు వెలుగుకి నాలుగింతల రేటా? పైగా చవకదానికి యాప్ కూడా ఉంది. ఏది తీసుకోమంటారు? – శంకర్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

వేసవి మొదలైన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. కొందరు సైకిలంటారు, కొందరు బైకంటారు, ఒకాయన చెరువు గట్టు మీద పరుగెత్తడానికి అన్నారు, అందరి చూపూ మాత్రం ఆ 9,000 మీదే. కాబట్టి ముందు ఆ అంకె సంగతి తేల్చేద్దాం.

ఆ లైటుకి ఇచ్చే బ్యాటరీ ప్యాక్‌లో మామూలుగా 18650 రకం సెల్స్ రెండు ఉంటాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పితే వరసగా కనపడేవి ఇవే. ఎంత మంచి కంపెనీ చేసినా ఆ సైజులో పట్టేది అటూ ఇటూగా 3,500 ఎంఏహెచ్, అంటే ఒక్కో సెల్‌కి 12.6 వాట్ అవర్లు (ఒక వాట్ చొప్పున వాడుకుంటే 12.6 గంటలు వస్తుందన్నమాట), రెండూ కలిపి 25. ఇలాంటి లైటు ఒక వాట్‌కి 100 లూమెన్స్ ఇచ్చిందంటే బాగా ఇచ్చినట్టే. ఆ లెక్కన 9,000 లూమెన్స్‌కి 90 వాట్లు కావాలి, చేతిలో ఉన్న 25 వాట్ అవర్లు 17 నిమిషాల్లో ఖాళీ. పెట్టె మీద ఏముంటుందంటే ‘ఫుల్ బ్రైట్‌నెస్‌లో 4 గంటలు’. నిజంగా 4 గంటలు వెలగాలంటే అలాంటి సెల్స్ 29 కావాలి, ఒక్కోటి 48 గ్రాములు వేసుకున్నా కిలోన్నరకు కాస్త తక్కువ. ఇంక ఆ 90 వాట్లు పుట్టించే వేడి అగ్గిపెట్టెంత డబ్బాలోంచి ఎటు పోతుందో రాసినవాడే చెప్పాలి.

మొన్న మా పక్కింటి అబ్బాయి అచ్చం ఇలాంటిదే పట్టుకొచ్చి, అరగంటకే ఆరిపోతోంది అంకుల్ అన్నాడు. ప్యాక్ మీద ప్లాస్టిక్ చుట్టు కోసి చూస్తే సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని బంగారు రంగు అక్షరాలు. మా ఆవిడ కేకులకి మైదా తూచే డిజిటల్ కాటా మీద ఒకటి పెట్టాం, 27 గ్రాములు. అసలు సెల్ 45 నుంచి 48 తూగుతుంది. లోపల సరుకే లేదు, పైన రేకు డబ్బా ఒక్కటే పూర్తి సైజు. మీరు మాత్రం ఇలా కోయకండి, బ్లేడు తగిలి షార్ట్ అయితే లిథియం సెల్ నిప్పంటుకుంటుంది. కొనేముందు ప్యాక్ మీద ఐఎస్ 16046 అనీ, పక్కనే ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయేమో చూస్తే చాలు. మన దేశంలో అమ్మే లిథియం సెల్స్‌కి ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేనిదాన్ని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పక్కన పడుకోవడం నాకైతే ధైర్యం చాలదు.

7,000 లైటు వాళ్లేమీ సత్యహరిశ్చంద్రులు కారు. ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అని టార్చిలైట్లకు ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం రన్‌టైమ్ అంటే వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో 10 శాతానికి పడిపోయేదాకా పట్టే సమయం. కాబట్టి పెట్టె మీద 3 గంటలు ఉంటే, మూడో గంట చివర్లో 1,000 లూమెన్స్ కాస్తా 100 అయి ఉండొచ్చు, అది రూలు ప్రకారమే. దూరం సంగతీ అంతే: 0.25 లక్స్ దాకా లెక్కేస్తారు, అంటే దాదాపు నిండు వెన్నెలంత. 200 మీటర్లు అని రాశారంటే అక్కడ రాయి ఉందో బర్రె ఉందో కనపడుతుందని కాదు.

మీకు నిజంగా కావాల్సింది హెల్మెట్ మీద 600 నుంచి 1,000 లూమెన్స్, ఇరుకు బీమ్‌తో. హ్యాండిల్‌బార్ మీద ఇంకోటి, వెడల్పుగా పరుచుకునేది. రెండూ ఎందుకంటే, తలమీది లైటు మీరు చూసిన వైపే వెలుగేస్తుంది కాబట్టి మలుపుల్లో దాన్ని మించింది లేదు, కానీ అది కంటి పక్కనే ఉండటం వల్ల ప్రతి రాయి నీడా ఆ రాయి వెనకే దాక్కుంటుంది. గుంత, గులకరాయి, వేరు అన్నీ గోడ మీద బొమ్మలా ఒకే చదునుగా కనపడతాయి. కింద నుంచి హ్యాండిల్‌బార్ లైటు పడితే నీడ పొడుగ్గా సాగి, ముందున్నది జానెడు గుంతని తెలుస్తుంది. ఒకటే కొనే డబ్బులుంటే నేనైతే హ్యాండిల్‌బార్‌దే ముందు కొంటాను.

దుమ్ము ఇంకో గొడవ. ముందు సైకిల్ లేపిన ఎర్రదుమ్ము మీద తలమీది లైటు పడితే తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, లంబసింగి పొగమంచులో కారు హైబీమ్ వేసినట్టు. అప్పుడు తలమీదిది తగ్గించి కిందిదాంతో వెళ్లాలి, అందుకు బటన్ గ్లౌజ్‌తో నొక్కేంత పెద్దది ఉండాలి, ఈ చిన్న విషయం డిజైన్ చేసినవాళ్లకి ఎందుకు తట్టదో! బరువు 150 గ్రాములు దాటొద్దు. దాటితే పొడుగు వైరుతో బ్యాటరీ బ్యాగులో పడేసుకునే రకం చూడండి. టీకి ఆగినప్పుడు లైటు దానంతటదే తగ్గితే పాడైందని తిప్పి పంపకండి, గాలి తగలక వేడెక్కి తగ్గించుకుంటుంది. హెల్మెట్‌కి మాత్రం రంధ్రాలు పెట్టొద్దు, గమ్ము పూయొద్దు. కొమ్మ తగిలితే లైటు ఊడి పడాలి గానీ మెడ విరగకూడదు.

ఇంక యాప్. అసలు ఈ ఉత్తరం ఎంచుకున్నదే దానికోసం.

పక్కింటి అబ్బాయి పెట్టెలో ఒక చిట్టీ, దాని మీద క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ప్లే స్టోర్‌కి పోలేదు, ఏదో వెబ్‌సైట్ నుంచి నేరుగా ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ వేసే ఫైల్ దిగింది. తెలియని చోటు నుంచి వచ్చింది, వేయమంటారా అని ఫోన్ పాపం ఆపి మరీ అడుగుతుంది. 1,800 పెట్టి కొన్నాం కదా అని మనవాళ్లు ఓకే కొట్టేస్తారు. తర్వాత వరసగా లొకేషన్, కాంటాక్ట్స్, ఫోటోలు, ఎస్ఎంఎస్. లైటుకి ఎస్ఎంఎస్‌లతో ఏం పని? ఎస్ఎంఎస్ చదవగలిగినవాడు మీ బ్యాంకు ఓటీపీ చదవగలడు, యాక్సెసిబిలిటీ అనే అనుమతి కూడా ఇచ్చేశారంటే తెర మీద ఉన్నవన్నీ చూడగలడు, మీ బదులు నొక్కగలడు. అదే ఫోన్‌లో మీ యూపీఐ ఉంది.

లైట్లు అమ్మేవాళ్లంతా దొంగలని నేననడం లేదు. నా భయం వేరే. ఆ చిట్టీ మీ ఇంట్లో అయిదేళ్లు ఉంటుంది, ఆ వెబ్‌సైట్ పేరు మాత్రం ఎప్పటికప్పుడు డబ్బు కట్టి రెన్యూ చేసుకోవాలి. కంపెనీ మూతపడో, మర్చిపోయో వదిలేస్తే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండేళ్ల తర్వాత ఫోన్ మార్చి అదే కోడ్ మళ్లీ స్కాన్ చేస్తే ఏది దిగుతుందో చెప్పగలిగేవాడు లేడు.

బ్లూటూత్‌కి లొకేషన్ తప్పనిసరండీ అని కొందరు రాస్తారు. ఒకప్పుడు నిజమే, ఆండ్రాయిడ్ 11 దాకా చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ అనుమతి అడగాల్సిందే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి పెట్టారు. కొత్త ఫోన్‌లో కూడా లైటు యాప్ లొకేషన్ అడుగుతోందంటే రాసినవాడికి బద్ధకమైనా అయ్యుండాలి, ఆశైనా అయ్యుండాలి. మీరు తిరిగిన దారులు దాచుకోవడం చిన్న విషయం అనుకోకండి. 2018 జనవరిలో ఒక ఫిట్‌నెస్ యాప్ సరదాగా వేసిన ప్రపంచ మ్యాప్‌లో సైనిక స్థావరాల చుట్టూ జవాన్లు పరుగెత్తిన దారులు వెలుగుతూ కనపడ్డాయి. మీరేమో ఇంటి గేటు దగ్గరే స్టార్ట్ నొక్కుతారు, శనివారం రాత్రి 8కి వెళ్లి 11కి వస్తారు.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు తీసేయండి. తీసేముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దాని పేరుందేమో చూసి ఆపండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే అదే నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మర్నాడు బ్యాంకుకెళ్లి అడుగుదాంలే అనుకోవద్దు.

లైటుకి అప్‌డేట్ అనే పిచ్చి కూడా మొదలైంది. నా దగ్గరున్న లైటు ఒకటి, పేరెందుకులెండి, ఫర్మ్‌వేర్ (లైటు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అని 63 శాతం దగ్గర ఆగిపోయింది. అంతకుముందు రోజు దాకా శుభ్రంగా వెలిగింది. ఇప్పుడు బటన్ నొక్కితే నీలంగా ఒకసారి మిణుక్కుమని ఊరుకుంటుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇలాంటి మనుషుల్ని చూసే పుట్టి ఉంటుంది. నొక్కితే వెలగాలి, మళ్లీ నొక్కితే ఆరాలి, ఈ రెండు పనులకి అప్‌డేట్ దేనికి? కాబట్టి యాప్ లేని లైటే కొనండి. మీరు అడిగిన రెండింట్లో 7,000ది, అదీ వారంటీ మన దేశంలో చెల్లితేనే.

శంకర్‌పల్లి అన్నారు కాబట్టి ఇంకో మాట. దారి తగ్గుతుందని చేలకి అడ్డం పడి వెళ్లకండి. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ మోకాలి ఎత్తున సన్నటి తీగ కట్టి దొంగతనంగా కరెంటు పెడతారు. చట్టవిరుద్ధమే, అయినా పెడుతూనే ఉన్నారు, మనుషులు పోతూనే ఉన్నారు. ఆ తీగ ఏ లైటుకీ సరిగా ఆనదు. ఎదురుగా పొలం నుంచి మోపెడ్ మీద ఎవరైనా వస్తుంటే తల దించండి, పలకరించడానికి మొహంలోకి చూశారంటే ఆయన నేరుగా కాలవలోకే.

ప్రశ్న: సైకిల్ లైటు కొత్త ఫోన్ ఛార్జర్‌తో ఎక్కడం లేదు, పాత ఛార్జర్‌తో ఎక్కుతోంది. రెండూ సి పిన్నే కదా? – గుంటూరు నుంచి

లైటు వైపు సి పిన్నే, ఛార్జర్ వైపు చూడండి. కొత్త ఛార్జర్ తనకు తగిలిన వస్తువు కరెంటు అడుగుతోందో లేదో తెలుసుకున్నాకే ఇస్తుంది, ఆ సంగతి చెప్పడానికి లైటు లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. రూపాయి కూడా చేయని ఆ రెండింటిని మిగుల్చుకుని మీకు అంటగట్టారు. పాత ఛార్జర్ వెడల్పు పిన్నుది కాబట్టి ఏమీ అడక్కుండా ఇచ్చేస్తుంది. లైటు పాడవలేదు, ఆ పాత కేబుల్ మాత్రం పారేయకండి.