సమాధానం: 2003 డాన్స్‌హాల్ (జమైకా నృత్య సంగీతం) ప్లేలిస్ట్‌లో మూడు పాటలు ఒకేలా ఉన్నాయి, ఏది కాపీ?

ఏదీ కాపీ కాదండి, అది రిడిమ్, అంటే చాలా పాటల వెనక వాడే ఒకే వాద్య ట్రాక్. మీరడిగిన షాన్ పాల్ ‘గెట్ బిజీ’, వేన్ వండర్ ‘నో లెటింగ్ గో’, లుమిడీ ‘నెవర్ లీవ్ యూ’ ఒకే ట్రాక్ మీద పాడినవి. జమైకాలో ఒక నిర్మాత ట్రాక్ చేస్తే దాని మీద చాలామంది ఎవరి పాట వాళ్లు పాడతారు. ఇది స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్ చేసిన ‘దీవాలీ’ రిడిమ్. ఆ చప్పట్ల దరువే గుర్తు. దేన్నీ తీసేయకండి, ప్లేలిస్ట్‌ను ఇలా సర్దుకోండి.

1. పాటలను గాయకుల వారీగా కాక రిడిమ్ వారీగా పేర్చండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే. ‘దీవాలీ’ అని మాత్రమే వెతికితే మనకు పండగ పాటలే వస్తాయి. పక్కన ‘రిడిమ్’ చేర్చాలి. ఇంగ్లిష్‌లో కొట్టేటప్పుడు రిథమ్ స్పెల్లింగ్ కాదు, మధ్యలో రెండు డీలు ఉండాలి (riddim).

3. ఫిల్టర్‌లో 2003 ఒక్కటే పెట్టకండి. ఈ రిడిమ్ ఆల్బమ్, షాన్ పాల్ ఆల్బమ్ ‘డటీ రాక్’ రెండూ 2002లోనే వచ్చాయి. ‘గెట్ బిజీ’ అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది 2003 మేలో. నాకైతే ఆ ఏడాదంటే ఆ చప్పట్లే.

4. మూడూ వరుసగా వినండి. అదే దరువు మీద వేన్ వండర్ గొంతు ఎంత మెత్తగా సాగుతుందో అప్పుడు తెలుస్తుంది.