అయ్యప్ప మాలలో ఉన్న రామ్‌చరణ్ కడప దర్గాకు రావడం తప్పా?

నా దృష్టిలో తప్పు కానే కాదు. 2024 నవంబరులో ఆయన మా అమీన్ పీర్ దర్గా ఉరుసులో జరిగిన ముషాయిరాకు, అంటే ఉర్దూ కవి సమ్మేళనానికి వచ్చారు. ఎ.ఆర్. రెహమాన్‌కు ఇచ్చిన మాట కోసమే వచ్చానని వేదిక మీదే చెప్పారు. రెహమాన్ ఏళ్ల తరబడి ఈ దర్గాకు వస్తున్న భక్తుడు. పైగా చరణ్ ‘పెద్ది’ చిత్రానికి సంగీత దర్శకుడు కూడా. పిలుపు వెనుక కథ ఇంతే.

మాల గురించి రేగిన రచ్చ మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. శబరిమలకు వెళ్లే స్వాములు ఎరుమేలిలో వావరు మసీదును దర్శించుకోవడం పాత ఆచారమే కదా! ఇక కడప సంగతి చెప్పాలా? ఉగాది నాడు తెల్లవారకముందే దేవుని కడప వెంకన్న గుడి ముందు ముస్లింలు కొబ్బరికాయలు, పూలు పట్టుకుని వరుసలో నిలబడతారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని, స్వామి తమ ఇంటి అల్లుడని వారి నమ్మకం. చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగిన నాకు, నల్ల బట్టలతో, మెడలో మాలతో దర్గాలో తల వంచిన ఆ అతిథి మా ఊరి మనిషిలాగే కనిపించారు.