ఏనుగు కాలు, ప్రతీక

సందేహం: గజేంద్రమోక్షంలో ఏనుగు జీవుడనీ, మడుగు సంసారమనీ, కథంతా మన లోపల జరిగే పరివర్తనకు ప్రతీక అనీ ఒక ప్రవచనంలో విన్నాను. ఇక్కడ ప్రతీక అనడం సరైనదేనా? సంకేతం, చిహ్నం అనాలా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: చిహ్నం అంటే గుర్తు, అంతే. సంకేతం అంటే ఇద్దరు ముందే అనుకుని పెట్టుకున్న ఏర్పాటు. ప్రేమికులు చాటుగా కలుసుకునే చోటు కూడా సంకేతమే, కాబట్టి ప్రవచనంలో కాస్త చూసుకుని వాడాలి. ఇక ప్రతీక. దీన్ని ఈమధ్య ఎక్కడ పడితే అక్కడ అతికించేస్తున్నారు. మొన్న మద్దిలపాలెంలో 'ఐకమత్యానికి ప్రతీక మన అపార్ట్‌మెంట్' అని ఫ్లెక్సీ చూశాను, ఏం చెప్పమంటారు!

అమరకోశం 'అంగం ప్రతీకోఽవయవః' అంటుంది. అంటే ప్రతీక ఒంట్లో ఒక అవయవం. 'ప్రతి', 'అంచ్' కలిసి మనకేసి తిరిగి ఉన్నది అనే అర్థంలో పుట్టిన మాట, అందుకే వేదంలో ముఖానికీ వాడారు. వ్యాఖ్యాతలు శ్లోకమంతా మళ్లీ రాయకుండా మొదటి మాట ఎత్తుకుని అర్థం చెబుతారు చూడండి, ఆ మాటనీ ప్రతీక అనే అంటారు. కొస దొరికితే మొత్తం కదిలి వస్తుందన్నమాట. మొసలి చేసిందీ అదేగా, కాలు పట్టుకుంటే ఏనుగంతా చిక్కింది! అంచేత కథ వట్టి తొక్క, అంతరార్థమే పండు అంటూ తొక్క అవతల పారేసేవాళ్లతో నాకు పేచీ. సింహాచలంలో నిజరూప దర్శనం ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే. మిగతా రోజుల్లో చందనంలో ఉన్న అప్పన్నకు దండం పెట్టకుండా కొండ దిగి వచ్చేస్తామా?

పరివర్తన ఎక్కడుందో చూడాలంటే పోతన సర్వనామాలు చూడండి. 'కలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో' అన్నప్పుడు దేవుడు 'వాడు', ప్రథమపురుష, ఉన్నాడని పదిమందీ చెప్పుకునేవాడు. 'లావొక్కింతయు లేదు' దగ్గరికి వచ్చేసరికి 'నీవే తప్ప నితఃపరం బెఱుఁగ'. మడుగు అదే, మొసలి అదే, కాలింకా దాని నోట్లోనే ఉంది. వాడు కాస్తా నీవు అయ్యాడు. ఇంత జరిగాక కూడా ఆ వెనకే 'వినుదఁట జీవుల మాటలు' అంటాడు గజేంద్రుడు, ఆ 'అట' చూశారా, పైగా 'సందేహమయ్యెఁ గరుణావార్ధీ' అనేస్తాడు. సందేహం తీరలేదు గానీ, అది చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి దొరికాడు. ప్రతీక అంటే ఎదుటికి తిరిగినది అన్నాను కదా, నాకు ఈ పద్యం చదివినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

కాబట్టి కథను కథగా ఉంచినంతవరకు ప్రతీక అనవచ్చనే నా మొగ్గు. సంకేతం అన్నవారిని మరీ తప్పు పట్టలేను. ఆ అపార్ట్‌మెంట్‌ని మాత్రం ఒప్పుకోను.