ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి మారేటప్పుడు సోనీనా, కెనానా, నికానా?

మీరు నిజానికి రెండు ప్రశ్నలు అడిగారు. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (పాత 35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉండి, లోపల అద్దం లేని కెమెరాలు) పోటీలో చివరికి ఎవరు గెలిచారన్నది ఒకటి. పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా), దానికి మూడు నాలుగు మంచి లెన్సులు చేతిలో ఉండి, ఎక్కువగా స్టేజీ కార్యక్రమాలు, పోర్ట్రెయిట్లు తీసే మీరు ఇప్పుడు ఎటు వెళ్ళాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు రెండేళ్ళకోసారి మారిపోతూ ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టొద్దండీ. రెండోదానికి మాత్రం గట్టిగానే చెప్పగలను: బాడీల (లెన్స్ లేని ఒట్టి కెమెరాల) గొడవ కాసేపు పక్కనపెట్టి, మీకు కావాల్సిన లెన్సులు ఏ మౌంట్‌లో (లెన్స్ కెమెరాకి తగిలే చోటు, కంపెనీకో రకం) ఉన్నాయో, ఆ మౌంట్‌కి బయటి కంపెనీలని కూడా లెన్సులు చెయ్యనిస్తున్నారో లేదో చూడండి.

నేను తీసేదీ స్టేజీ ఫొటోలే, నాటకాలు, నృత్యాలు, కచేరీలు. కెనాన్ 5డీ మార్క్ 3తో చాలాకాలం పనిచేశాను, తర్వాత సోనీ ఏ7 మార్క్ 3కి మారాను, ఈమధ్య కెనాన్ ఆర్6 మార్క్ 2తో కూడా పని చేస్తున్నాను. నికాన్ నాది లేదు గానీ, నాతోపాటు కార్యక్రమాలకి వచ్చే ఒక స్నేహితుడి జెడ్8 తరచూ చేతిలోకి తీసుకుంటూ ఉంటాను.

ముందు సోనీ ఎందుకు ముందుకెళ్ళిందో చెప్పాలి, ఎందుకంటే మౌంట్ సంగతి అక్కడే మొదలవుతుంది. 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారాన్ని సోనీ తీసుకుంది, ఆ పాత మౌంట్‌నే ‘ఏ’ (A) మౌంట్‌గా కొన్నేళ్ళు నడిపింది, కానీ డీఎస్ఎల్ఆర్‌లలో కెనాన్, నికాన్‌లని కదిలించలేకపోయింది. కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి ఉంది, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి. అన్నేళ్ళుగా కొన్న లెన్సులు జనం బ్యాగుల్లో ఉంటే ఎవరు వదిలి వస్తారు? అందుకే 2010లో ఎన్ఈఎక్స్ కెమెరాలతో కొత్తగా ‘ఈ’ (E) మౌంట్ మొదలుపెట్టి, 2013 అక్టోబర్‌లో అదే మౌంట్ మీద ఏ7, ఏ7ఆర్ అని రెండు ఫుల్ ఫ్రేమ్ బాడీలు దింపింది. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేనివాళ్ళే అంత తెగించగలరు. (లైకా ఎం9 2009లోనే అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరాగా వచ్చింది, కాదనను, కానీ అది చేత్తో ఫోకస్ కలుపుకునే రేంజ్‌ఫైండర్ రకం, ఆటోఫోకస్ లేదు, మనం మాట్లాడుకునే పోటీలో అది లేదు.)

ఆ మొదటి ఏ7లు పనిచేసే ఫొటోగ్రాఫర్లకి పూర్తిగా సరిపోయేవి కావు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే బ్యాటరీ ఒక్క చార్జికి 340 ఫొటోలు, అదే నా 5డీ మార్క్ 3కి 950. లెన్సులు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అయితే సోనీ ఆగలేదు. 2014లో ఏ7 మార్క్ 2తో బాడీలోనే స్టెబిలైజేషన్ (చెయ్యి కదిలినా ఫొటో చెదరకుండా చూసేది), 2015లో ఏ7ఆర్ మార్క్ 2తో 42 మెగాపిక్సెల్ సెన్సర్, 2017లో ఏ9 వచ్చాయి. ఏ9 సెకనుకి 20 ఫొటోలు తీస్తూ కూడా వ్యూఫైండర్ నల్లబడకుండా చూపించింది, అప్పుడే స్పోర్ట్స్ తీసేవాళ్ళు మొదటిసారి తలతిప్పి చూశారు. 2018 మొదట్లో ఏ7 మార్క్ 3 వచ్చేసరికి బ్యాటరీ లెక్క 700 దాటింది, కార్డు స్లాట్లు రెండయ్యాయి. నేను మారింది దానికే.

ఈ ఐదేళ్ళూ కెనాన్, నికాన్ ఏం చేశాయి? మిర్రర్‌లెస్ చెయ్యలేదని కాదు. నికాన్ 2011లో చిన్న సెన్సర్‌తో నికాన్ 1 తెచ్చింది, కెనాన్ 2012లో ఈఓఎస్ ఎం తెచ్చింది. రెండూ తమ డీఎస్ఎల్ఆర్‌లకి ఎక్కడా అడ్డురాకుండా కావాలనే తగ్గించి చేసినవని నాకు అనిపిస్తుంది. చివరికి 2018 ఆగస్టులో నికాన్ జెడ్7, జెడ్6, సెప్టెంబర్ మొదట్లో కెనాన్ ఈఓఎస్ ఆర్, అదే నెలలో లైకా, పానాసోనిక్, సిగ్మా కలిసి ఒకే మౌంట్ పంచుకునే ఎల్ మౌంట్ కూటమి, అన్నీ వరసగా ప్రకటించారు. జెడ్7, జెడ్6, ఈఓఎస్ ఆర్ మూడింటిలోనూ కార్డు స్లాట్ ఒక్కటే. మళ్ళీ తీసే అవకాశం లేని కార్యక్రమాలకి ఒక్క కార్డుతో వెళ్ళడమంటే ఎంత టెన్షనో ఆ పని చేసేవాళ్ళకి తెలుసు, అందుకే ఆ తరం బాడీలు చూసి నాలాంటివాళ్ళు చాలామంది సోనీతోనే ఉండిపోయారు.

అప్పట్లో ఈ కొత్త మౌంట్ల రంధ్రాల వెడల్పు మీద పెద్ద వాదన నడిచింది. నికాన్ జెడ్ 55 మిల్లీమీటర్లు, కెనాన్ ఆర్ఎఫ్ 54, ఎల్ మౌంట్ 51.6, సోనీది 46.1 మాత్రమే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మూల నుంచి మూలకి దాదాపు 43.3 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి సోనీ ఇరుకులో ఇరుక్కుంది, ఎఫ్/1.2 లెన్సులు (అపెర్చర్ చాలా పెద్దదై, వెలుతురు ఎక్కువగా రానిచ్చేవి) ఇక చెయ్యలేదు అన్నారు. 2021లో సోనీ 50 ఎంఎం ఎఫ్/1.2 చేసింది, బరువు 778 గ్రాములు. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.2 బరువు 950 గ్రాములు, నికాన్ జెడ్‌ది 1,090. అంటే అన్నిటికంటే చిన్న రంధ్రం ఉన్న మౌంట్‌కే అన్నిటికంటే తేలికైన లెన్స్ వచ్చింది! పెద్ద మౌంట్‌లో లెన్స్ డిజైన్ చేసేవాళ్ళకి వెసులుబాటు ఉంటుంది, నిజమే, కానీ కొనేవాళ్ళు టేపు పట్టుకుని కొలుచుకోవాల్సినంత సంగతి అది కాదు. మిమ్మల్ని ఎవరైనా మౌంట్ సైజు చూపించి భయపెడితే పట్టించుకోవద్దు.

పట్టించుకోవాల్సింది ఆ మౌంట్‌కి ఇంకెవరు లెన్సులు చేస్తారన్నది. సోనీ 2011లోనే ‘ఈ’ (E) మౌంట్ వివరాలని ఇతర కంపెనీలకి ఉచితంగా ఇస్తామంది. దాని ఫలితం బాగా కనిపించింది 2018లో టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 వచ్చినప్పుడు. 550 గ్రాములే ఉంటుంది, స్టేజీ వెలుతురుకి సరిపోయే అపెర్చర్, కంపెనీ సొంత లెన్స్ కంటే బాగా చవక. నా పనిలో సగం ఆ లెన్స్ మీదే నడిచింది. ఆ తర్వాత సిగ్మా కూడా వరసగా చేసింది. ఒక మెలిక మాత్రం ఉంది, వేగంగా తీసే సోనీ బాడీల మీద బయటి కంపెనీల లెన్సులకి సెకనుకి 15 ఫొటోలకి మించి రావు. స్టేజీకి ఇది అడ్డే కాదు, ఎగిరే పక్షులు తీసేవాళ్ళకి అడ్డే.

కెనాన్ దీనికి ఎదురు దారి పట్టింది. ఆర్ఎఫ్ మౌంట్‌కి ఆటోఫోకస్ లెన్సులు చేసిన ఒక బయటి కంపెనీని 2022లో ఆపించింది, 2024లో సిగ్మా, టామ్రాన్‌లకి అనుమతి ఇచ్చినప్పుడు కూడా అవి చిన్న సెన్సర్ కెమెరాలకి సరిపడే లెన్సులే. కెనాన్ సొంత ఆర్ఎఫ్ లెన్సులు అద్భుతంగా ఉంటాయి, ఆ మాటలో నాకు సందేహం లేదు, 28-70 ఎఫ్/2 లాంటి జూమ్‌ని 2018లో ఇంకెవరూ చెయ్యలేదు, కానీ అది 1,430 గ్రాములు, ఖరీదు కూడా ఆ బరువుకి తగ్గట్టే ఉంటుంది. మధ్యస్థంగా డబ్బున్నవాడికి ఎంచుకోవడానికి చోటు తక్కువ, నాకు బాధ కలిగించే సంగతి ఇదే, ఎందుకంటే బాడీలు అంత బాగా చేస్తున్నారు. నికాన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంది, టామ్రాన్ లెన్సులు జెడ్‌కి వస్తున్నాయి.

ఇప్పుడు మీ పాత ఈఎఫ్ లెన్సుల సంగతి. సోనీకి మారినప్పుడు నేను కూడా నా ఈఎఫ్ లెన్సులని బయటి కంపెనీ అడాప్టర్ (ఒక మౌంట్ లెన్స్‌ని ఇంకో మౌంట్ బాడీకి తగిలించేది) మీద వాడాను. వెలుతురు బాగున్నప్పుడు పర్వాలేదు, మసక వెలుతురులో 70-200 పెడితే ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండేది, ఒక్కోసారి కెమెరా ఆపి మళ్ళీ ఆన్ చెయ్యాల్సి వచ్చేది. నర్తకి ఒక భంగిమలో నిలిచే ఆ అర సెకను మనకోసం ఆగదు కదా. అదే 70-200ని ఆర్6 మార్క్ 2 మీద కెనాన్ అడాప్టర్‌తో పెడితే, ఆ లెన్స్ డీఎస్ఎల్ఆర్ మీద కంటే బాగా పనిచేసింది, నిజంగా. దీనికి కారణం తేలిక: కెనాన్‌కి ఈఎఫ్ భాష లోపలినుంచి తెలుసు, ఆ అడాప్టర్‌లో అద్దాలేవీ ఉండవు, లెన్స్‌ని సెన్సర్‌కి సరైన దూరంలో నిలబెట్టి తీగలు కలుపుతుంది, అంతే. ఫోకస్ చేసేది సెన్సరే కాబట్టి డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌కీ బాడీకీ విడిగా ఫోకస్ సరిచేసుకునే తలనొప్పి కూడా పోయింది. పాత ఎఫ్ మౌంట్ లెన్సులని జెడ్ బాడీకి తగిలించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కూడా, లోపలే మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులతో బాగుంటుంది, కానీ అందులో మోటారు లేదు, బాడీలోని స్క్రూతో తిరిగే పాత ఏఎఫ్-డీ లెన్సులు దానిమీద చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

స్టేజీకి సంబంధించి ఎవరూ ముందుగా చెప్పనిది ఇంకోటి ఉంది. మిర్రర్‌లెస్ అంటే నిశ్శబ్దం అనుకుని వస్తాం. కచేరీలో ఆలాపన సాగుతుంటే టకటకమనకుండా ఫొటో తీయగలగడం నాకు పెద్ద వరమే. కానీ ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టగానే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో నిండా అడ్డచారలు పడొచ్చు. మామూలు సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా నెమ్మదిగా చదువుతుంది, ఈలోపు లైటు చాలాసార్లు వెలిగి ఆరుతుంది, మన కంటికి తెలియదు గానీ సెన్సర్‌కి తెలుస్తుంది. ఇది ఒక్క బ్రాండు తప్పు కాదు, మామూలు సెన్సర్ ఉన్న ఏ బాడీలోనైనా అంతే. షట్టర్ స్పీడుని చాలా సన్నటి మెట్లలో జరుపుకునే సౌకర్యం కొన్ని బాడీల్లో ఉంటుంది, దానితో చాలావరకు తప్పించుకోవచ్చు, లేదంటే మెకానికల్ షట్టర్‌కి వెళ్ళాలి. స్టాక్డ్ సెన్సర్ (వేగం కోసం పొరలుగా పేర్చి చేసినది) చాలా వేగంగా చదువుతుంది కాబట్టి ఈ బాధ బాగా తగ్గుతుంది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9, తర్వాత జెడ్8 అసలు మెకానికల్ షట్టరే లేకుండా వచ్చాయంటే ఆ వేగం మీద నమ్మకంతోనే. సోనీ ఏ9 మార్క్ 3 ఇంకా ముందుకెళ్ళి సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది, అయితే దాని కనీస ఐఎస్ఓ 250 నుంచి మొదలవుతుంది, పోర్ట్రెయిట్లలో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మీ కార్యక్రమాలు ఎల్ఈడీ లైట్ల కింద, నిశ్శబ్దం తప్పనిసరైన చోట జరిగేటట్లైతే, మెగాపిక్సెళ్ళ కంటే ముందు సెన్సర్ చదివే వేగం గురించి వాకబు చెయ్యండి.

ఆటోఫోకస్ గురించి ఎక్కువ చెప్పను. కంటిని పట్టుకోవడంలో 2018లో సోనీకి ఉన్న దూరం ఇప్పుడు లేదు, 2020లో ఆర్5, ఆర్6లతో కెనాన్ అందుకుంది, జెడ్9తో నికాన్ అందుకుంది, 2023 మొదట్లో ఎస్5 మార్క్ 2తో పానాసోనిక్ కూడా ఫేజ్ డిటెక్షన్‌కి (ఫోకస్ ఎటు, ఎంత జరగాలో నేరుగా కనిపెట్టే పద్ధతికి) వచ్చేసింది. ఇప్పుడొచ్చే ఏ బాడీ అయినా మీ డీఎస్ఎల్ఆర్‌ని దాటేస్తుంది.

మౌంట్లు చచ్చిపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈఓఎస్ ఎం లెన్సులు కొన్నవాళ్ళకి ఆర్ఎఫ్ బాడీలకి దారే లేకుండా పోయింది, మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం వాటి ఈఎఫ్-ఎం మౌంట్‌లో 18 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్‌లో 20, మామూలు అడాప్టర్ పెట్టడానికి మధ్యలో చోటే లేదు. నికాన్ 1 పోయింది. సామ్‌సంగ్ ఎన్ఎక్స్1 లాంటి మంచి కెమెరా చేసి మొత్తం వ్యాపారమే మానుకుంది. సోనీ కూడా తన ‘ఏ’ (A) మౌంట్‌ని వదిలేసింది. 2020లో మిర్రర్‌లెస్ అమ్మకాలు డీఎస్ఎల్ఆర్‌లని దాటాయి, మరుసటి ఏడాది చివర కెనాన్ అధినేతే 1డీఎక్స్ మార్క్ 3 తమ ఆఖరి పెద్ద డీఎస్ఎల్ఆర్ అన్నారు. కాబట్టి ‘ఈ’ (E), ఆర్ఎఫ్, జెడ్, ఎల్ అన్న ఈ నాలుగింటిలో ఒకటి తీసుకుంటే ఆయా కంపెనీల భవిష్యత్తు మొత్తం దానిమీదే ఉంది, ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

మీ విషయానికొస్తే, మీ ఈఎఫ్ లెన్సుల్లో 70-200 ఎఫ్/2.8 లాంటిది ఒకటున్నా, అది బాగా పనిచేస్తున్నా, నేనైతే కెనాన్‌లోనే ఉండి ఆర్6 మార్క్ 2, దానితోపాటు కెనాన్ అడాప్టర్ తీసుకుంటాను, లెన్సులు ఒక్కటి కూడా అమ్మను, కొత్త ఆర్ఎఫ్ లెన్స్ అవసరం పడేదాకా కొనను. మీ లెన్సులు పాతబడిపోయి ఎలాగూ కొత్తవి కొనాల్సి వస్తే అప్పుడు సోనీ, ఒక బాడీ, టామ్రాన్ లేదా సిగ్మా జూములు రెండు, దాంతో స్టేజీ పని మొత్తం నడిచిపోతుంది. నిశ్శబ్దం, ఎల్ఈడీ రెండూ మీకు రోజువారీ సమస్యలైతే, బడ్జెట్ సాగితే, జెడ్8ని ఒక సాయంత్రం అద్దెకి తీసుకుని మీరు మామూలుగా పనిచేసే హాల్లోనే, అక్కడి లైట్ల కిందే వాడి చూడండి, ఆ ఫొటోలు ఇంట్లో పెద్ద తెర మీద నూరు శాతం జూమ్ చేసి చూశాకే నిర్ణయం తీసుకోండి.