పలకని ‘పి’ ఎక్కడ పలుకుతుంది?

ప్రశ్న: ఇంగ్లీషు నిఘంటువులో పి, టి అక్షరాల జంటతో మొదలయ్యే మాటలు కొన్ని కనిపించాయి. వాటిలో పి అక్షరం రాతలో ఉంది గాని పలకడంలో లేదు. ఈ మాటలు ఎక్కడివి? వాటి అర్థాలేమిటి? పలకని అక్షరాన్ని ఇంకా ఎందుకు రాస్తున్నారు?

జవాబు: మీరు చూసిన మాటల్లో చాలా భాగం గ్రీకు నుంచి వచ్చినవి. గ్రీకులు ఆ రెండు అక్షరాలనూ మన ‘ప్ట’ లాగే కలిపి పలికేవారు. ఇంగ్లీషు మాట్లాడేవారికి మాట మొదట్లో ‘ప్ల’, ‘ప్ర’ సునాయాసంగా పలుకుతాయి గాని, ‘ప్ట’, ‘ప్న’, ‘ప్స’ అనడానికి నోరు తిరగదు. అందువల్ల పలుకులో పి జారిపోయి, మాట పుట్టుకకు గుర్తుగా రాతలో మాత్రం మిగిలింది. ఫ్రెంచి, జర్మన్ భాషలవారు ఇవే మాటలను నేటికీ పి తో సహా పలుకుతారు.

ఇక అర్థాలు. గ్రీకులో ‘ప్టెరోన్’ అంటే రెక్క, ‘డాక్టులోస్’ అంటే వేలు. ఏనాడో అంతరించిన ఒక ఎగిరే సరీసృపం రెక్క, బాగా సాగిన నాలుగో వేలిని ఆధారం చేసుకుని విచ్చుకుని ఉండడం చూసి, ఫ్రెంచి శాస్త్రవేత్త కూవియే 1809లో దానికి టెరొడాక్టిల్ అని పేరు పెట్టారు. కంటిలో తెల్లగుడ్డు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి రెక్క ఆకారంలో పాకే కండను టెరీజియం అంటారు. ఆ మాటకు అర్థం ‘చిన్న రెక్క’. పై కనురెప్ప వాలిపోతే అది టోసిస్. గ్రీకులో ‘పడిపోవడం’ అని దాని భావం. లాలాజలంలో ఉండి పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైముకు టయలిన్ అనే పేరు ‘ఉమ్ము’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. టొమైన్ అనే మాట మూలంలో ఉన్న ‘ప్టోమా’కు అర్థం శవం, అంటే పడిపోయిన దేహం. కుళ్లే మాంసకృత్తుల నుంచి పుట్టే కొన్ని పదార్థాలకు 19వ శతాబ్దంలో ఆ పేరు వచ్చింది. తిన్న ఆహారం విషమించడానికి అవే కారణమని చాలాకాలం నమ్మారు. అసలు కారణం బాక్టీరియా, అది విడుదల చేసే విషాలు అని తేలిన తరువాత ఆ మాట వాడుక తగ్గిపోయింది.

ఈ గుంపులో ఒక మాట మాత్రం గ్రీకు కాదు. అతిశీతల ప్రాంతాల్లో బతుకుతూ చలికాలంలో మంచులో కలిసిపోయేలా తెల్లని ఈకలు తొడుక్కునే టార్మిగన్ పక్షి పేరు స్కాట్లండు గేలిక్ భాషలోది. అందులో పి ఏనాడూ లేదు. పక్షి కాబట్టి దాని పేరు రెక్కకు సంబంధించిన గ్రీకు మాటే అయి ఉంటుందన్న పొరపాటు ఊహతో రాబర్ట్ సిబాల్డ్ అనే పండితుడు 1684లో ముందు పి చేర్చి రాశాడు, అదే స్థిరపడిపోయింది. తక్కిన మాటల్లో పి ఒకప్పుడు పలికి ఆగిపోయిన అక్షరం. ఇందులో అది ఎన్నడూ పలకనే లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించే విషయం ఒకటుంది. ఆ పి ముందు ఒక అచ్చు వచ్చి నిలిస్తే చాలు, అది మళ్లీ పలుకుతుంది. హెలికాప్టర్ అనే మాటనే తీసుకోండి. దాన్ని ‘హెలి’, ‘కాప్టర్’ అని విడదీయడం మనకు అలవాటైపోయింది గాని, అసలు విరుపు ‘హెలికో’, ‘ప్టెర్’ అని; అంటే మరచుట్టులా తిరిగే రెక్క. ఫ్రాన్సులో 1861లో పుట్టిన ఈ మాటలో ‘కో’లోని అచ్చు ముందుండడం వల్ల పి కి ఆసరా దొరికి, టెరొడాక్టిల్‌లో మూగబోయిన అక్షరమే ఇక్కడ స్పష్టంగా వినిపిస్తోంది. సింప్టమ్‌లో పి కి ఆ ఆసరా ముందున్న ‘సిమ్’ వల్ల దొరికింది. ‘సిమ్’ అంటే ‘తో పాటు’. ‘ప్టోమా’ అంటే పడినది. రోగంతో పాటు వచ్చిపడేదే రోగలక్షణం. ఎగరడం, పడడం అనే రెండర్థాలూ ఉన్న ఈ ధాతువు సంస్కృతంలోనూ ఉంది. ‘పతనం’ అన్నప్పుడు, పక్షిని ‘పతత్రి’ అన్నప్పుడు మనం పలికేది దాన్నే.

ప్రశ్న: న్యుమోనియా, సైకాలజీ మాటల్లోని పి కూడా ఇలాంటిదేనా?

జవాబు: అవును, ఇలాంటిదే. ‘ప్నెయుమోన్’ అంటే ఊపిరితిత్తి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బును యాప్నియా అంటారు; అక్కడ ముందు అచ్చు ఉంది కాబట్టి పి పలుకుతోంది. అయితే ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. బ్రాంకోన్యుమోనియా, పారాసైకాలజీ వంటి మాటల్లో ముందు అచ్చు ఉన్నా పి పలకదు. అప్పటికే పి ని వదిలేసుకున్న ఇంగ్లీషు మాటకు ముందు మరో ముక్క అతికించి వాటిని తయారుచేశారు మరి.

‘ప్స’ ధ్వనికి గ్రీకు లిపిలో ఒకే అక్షరం ఉంది, దాని పేరు ప్సై. దానితో మొదలయ్యే మాటల్లో నాకు ఇష్టమైనది సెఫాలజీ. ‘ప్సెఫోస్’ అంటే గులకరాయి. ప్రాచీన ఏథెన్సులో గులకరాళ్లతో ఓటు వేసేవారు కాబట్టి ఎన్నికల విశ్లేషణకు ఆ పేరు వచ్చింది. చిలుకల వంటి పక్షుల నుంచి మనుషులకు సోకే సిటకోసిస్ జబ్బు పేరులో ఉన్నది చిలుక. కీర్తన అనే అర్థంలో వాడే సామ్ అనే మాటకు మూలం ‘తీగ మీటడం’. రాసేటప్పుడు అందులో పి తో పాటు ఎల్ కూడా ఉంటుంది, పలికేటప్పుడు రెండూ ఉండవు.

ప్రశ్న: పి ఒక్కటేనా, ఇలా మొదట్లో మూగబోయే అక్షరాలు ఇంకా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. ఎం, ఎన్ జంటతో మొదలయ్యే నిమోనిక్ అంటే జ్ఞాపకం పెట్టుకోవడానికి వాడే కొండగుర్తు. అందులో పలకని ఎం, మతిమరుపును చెప్పే అమ్నీషియాలో హాయిగా పలుకుతుంది. దీనికి సోదర ధాతువు సంస్కృతంలో ‘మ్నా’. పరంపరగా వల్లెవేసి నిలుపుకున్న వేదాన్ని ‘ఆమ్నాయం’ అనడం అందువల్లనే.

జి, ఎన్ జంట మనకు ఇంకా దగ్గరిది. ఎండ గడియారంలో నీడ పడేలా నిలబెట్టే పుల్లను నోమన్ అంటారు, అంటే తెలియజెప్పేది. అందులో జి పలకదు. డయాగ్నోసిస్‌లో, ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ 1869లో కల్పించిన అగ్నాస్టిక్‌లో (దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు) పలుకుతుంది. మన ‘జ్ఞానం’ కూడా ఈ కుటుంబంలోదే. తెలుగువారి నోట ఆ ‘జ్ఞ’ ఇప్పటికీ గకార ధ్వనితోనే వినిపిస్తుంది. తెలుసుకోవడమనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘నో’ అనే క్రియ సైతం ఈ ధాతువుకే చెందినది. దాని మొదట్లో రాసే కె ను 17వ శతాబ్దం దాకా పలికేవారు, తరువాత వదిలేశారు. అయినా మనం పుస్తకాల తొలి పుటల్లో చూసే ‘అక్నాలెడ్జ్‌మెంట్’ అన్న మాటలో, ముందు అచ్చు ఉన్నందున, ఆ కె ఇప్పటికీ పలుకుతూనే ఉంది.